టోర్కిల్ ఆవు బొచ్చు

మా లోయలో గొప్పలు చెప్పుకోవడంలో టోర్కిల్ మకాస్కిల్‌ని మించినవాడు లేడు. అతనికున్న గొప్పల్లా ఒక్కటే, ప్రోషాగ్ అనే ఎర్రావు. మా కొండావులన్నిటిలాగే దానికీ కళ్ల మీదికి పడే జడల బొచ్చు. మంచులో నిలబెట్టినా ఇంత ఎండుగడ్డి నమిలి బతికేసే జాతి. వీటికి పాక వేసినవాణ్ణి మా తాతలు కూడా ఎరగరు.

టోర్కిల్‌కి మాత్రం వేసవి పశువుల ప్రదర్శనలో మొదటి బహుమతికిచ్చే ఎర్ర రిబ్బను కొట్టాలని పంతం. చలికాలం రాగానే, ఇంటి కప్పు కోసం భార్య ఎఫీ తెప్పించుకున్న రేకులు ఎత్తుకెళ్లి ఆవుకి పాక వేశాడు.

"పడగ్గది కారుతోంది కదయ్యా!" అంది ఎఫీ.

"ఈ ఒక్క చలికాలం ఓర్చుకో. తడిస్తే దాని బొచ్చు పాడవదూ?"

"మరి నేను తడిస్తే?"

"నీకేం బొచ్చుందని?"

పాకలో కిరసనాయిలు పొయ్యి పెట్టాడు. ఎఫీ వాడుకునే షాంపూతో ఆవుకి తలంటాడు. ఎఫీ మంచం పక్కన బకెట్లు నిండుతున్నాయి. పక్కింటివాణ్ణి, నాకు ఒళ్లు మండి చెప్పాను: "ఒరేయ్, వెచ్చబెడితే బొచ్చు రాల్చేస్తుందిరా. చలి ఉంటేనే అది నిలిచేది."

"ముందు నీ ఆవుల మొహాలు చూసుకో," అన్నాడు.

వసంతానికల్లా దువ్వెన నిండా బొచ్చే. కొత్తది వస్తుందిలే అన్నాడు. రాలేదు. ప్రదర్శన రోజున పొట్టి కోటు, మా మగాళ్లు పండగలకి కట్టే గళ్ల పావడా వేసుకుని, నున్నటి ఆవుని పట్టుకుని మైదానంలో నిలబడ్డాడు. న్యాయనిర్ణేత చుట్టూ తిరిగి, "మీ ఆవు ఏదండీ? ఇంకా రాలేదా?" అన్నాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. నేనూ నవ్వాను, ఎందుకు నవ్వకూడదు?

తిరుగుదారిలో వాన అందుకుంది. బొచ్చు లేని ప్రోషాగ్ వణికిపోతోంది. పాపం, తప్పు దానిది కాదు. టోర్కిల్ కోటు విప్పి దాని వీపు మీద కప్పాడు.

పక్కనే తడిసి ముద్దవుతున్న ఎఫీ ఆగిపోయింది. "పెళ్లయ్యాక నా మీద ఒక్కసారైనా కప్పావా ఆ కోటు?"

టోర్కిల్ కోటు జారిపోకుండా ఆవు వీపు మీద సర్దాడు.

మర్నాడు పొద్దున్నే ఎఫీ నిచ్చెన వేసుకుని పాక మీదికెక్కింది. తడి రేకుల మీద కాళ్లు జారుతున్నా మేకులు పీకి ఒక్కొక్క రేకే కిందికి తోస్తోంది. కింద టోర్కిల్ గుండెలు బాదుకుంటూ అరుస్తున్నాడు:

"మెల్లగా, ఎఫీ! మెల్లగా! లోపల ఆవుంది!"