గొట్టం గుంజుతలేదు

కరెంటు పోగానే మా చెంగిచెర్ల అపార్ట్‌మెంటు కింద డీజిల్ జనరేటర్ మొదలవుతుంది. పొగ మూడో అంతస్తు దాకా వస్తుంది. అందరూ కిటికీలు మూసుకుంటారు. నేను మాత్రం, బుద్ధిలేనిదాన్ని, ఓ నిమిషం నిలబడి వాసన చూస్తాను. మసి వాసన వేరు, గొంతులో గుచ్చుకునే ఘాటు వేరు. ఆ తేడా నాకు నేర్పింది మల్లేశం అన్న.

ఉప్పల్‌లో ఒక పరిశోధనశాలలో పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. డీజిల్ పొగ ఎండలో ఏమవుతుందో చూడటం నా పని. మేడ మీద గదంత ప్లాస్టిక్ సంచి కట్టి, అందులోకి పొగ పంపి ఎండకు వదిలేవాళ్లం. అయితే పొగకు ఘాటునిచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లను ముందే తీసెయ్యాలి. అవి ఉంటే సంచిలో జరిగేదంతా దారి మారుతుంది. అందుకోసం లోపల కోబాల్ట్ పూత పూసిన గొట్టాల కట్ట ఒకటి ఉండేది. ఆ వాయువులు పూతకు అంటుకుని ఆగిపోతాయి, మసి ముందుకు పోతుంది. కొన్నాళ్లకు పూత నిండిపోతే కట్ట విప్పి, కొలిమిలో కాల్చి మళ్లీ పనికి తేవాలి. అది మల్లేశం అన్న పని. నాచారంలో ఇంజనీరింగ్ షెడ్డులో ఇరవై ఏళ్లు ఫిట్టరుగా చేసి, కాంట్రాక్టు మీద మా దగ్గరికి వచ్చాడాయన.

గుంటూరు వైపు నుంచి వచ్చిన నాకు పుస్తకాలు తప్ప పానా పట్టడం తెలీదు. నేను బిగించిన ప్రతి అతుకూ కారేది. ఆయన సబ్బు నురగ పూసి, బుడగ లేచిన చోటు చూపించేవాడు. ఒక్కసారీ నవ్వలేదు. "జర నిమ్మళంగ బిగించాలె మేడం, గొట్టానికి గూడ నొప్పయితది" అనేవాడు.

ఒక వారం వాయువుల్ని కొలిచే మీటరు రిపేరుకు పోయింది. ఎండ బ్రహ్మాండంగా ఉంది, థీసిస్ గడువు నెత్తిమీదికొచ్చింది. మల్లేశం అన్న కట్ట చివర వాసన చూసి వచ్చి, "గొట్టం గుంజుతలేదు మేడం" అన్నాడు. గుంజడమంటే మావైపు లాగడం. పంపు గాలి లాగడం లేదంటున్నాడనుకుని చూశాను. గాలి సరిగ్గానే పోతోంది. బాగానే లాగుతోంది కదన్నా అని విసుక్కున్నాను. ఆయన ఇంకేదో చెప్పబోయాడు. నేను అప్పటికే మెట్లెక్కేశాను.

పది రోజుల తర్వాత మీటరు తిరిగొచ్చింది. కట్ట చివర పెట్టగానే అంకె ఎగిరి కూర్చుంది. అప్పుడు తెలిసింది, గుంజుతలేదంటే పూత పీల్చుకోవడం లేదని. నా పది రోజులూ గంగలో కలిశాయి. ప్రొఫెసర్ గారు ఇద్దర్నీ పిలిచి, కట్ట ఎందుకు కాల్చలేదని అడిగారు.

"మేడంకు జెప్పిన సార్" అన్నాడు మల్లేశం అన్న.

ప్రొఫెసర్ గారు నావైపు తిరిగారు. గుంజుతలేదన్న మాట నాకు అర్థమై అప్పటికి గంట దాటింది.

"నాతో ఏం చెప్పలేదు సార్" అన్నాను.

మల్లేశం అన్న నన్నొకసారి చూసి తలదించుకున్నాడు. ఆ నెలాఖరున కాంట్రాక్టు అయిపోయింది, మళ్లీ రాయలేదు. నా థీసిస్ కృతజ్ఞతల పేజీలో హాస్టల్ వంటామె పేరు కూడా ఉంది. ఆయన పేరు రాయడానికి సిగ్గేసింది.

ఆరేళ్ల తర్వాత నాచారం వెళ్లి వెతికితే పాత షెడ్డులోనే కనిపించాడు. తువాలతో కుర్చీ తుడిచి, చాయ్ తెప్పించి, ముందుగా నా ప్రయోగం పూర్తయిందా లేదా అని అడిగాడు. పూర్తయిందని చెప్పి, బస్సులో దారి పొడుగునా వల్లెవేసుకున్నది బయటికి తీశాను. ఆ రోజు సార్ ముందు నేను అన్నదాని గురించి, అని మొదలుపెట్టాను. ఆయన చేత్తో ఆపాడు.

"మీ తప్పేం లేదు మేడం. మీ దిక్కు గట్ల అనరంట, తర్వాత తెలిసింది. మీకు సమజ్ కాక లేదన్నరు. నేనే ఇంకోసారి జెప్పాల్సుండె."

అన్నేళ్లూ ఆ తప్పును తన మీదే వేసుకుని సర్దుకున్నాడు. అప్పటికే నాకు తెలుసన్నా, అని ఒక్క మాట అంటే చాలు. చాయ్ తాగేసి గ్లాసు కింద పెట్టాను.

"అవునన్నా, సమజ్ కాలేదు" అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. గేటు దాకా వచ్చి సాగనంపాడు.

పోయినేడాది ఆయన పోయాడని షెడ్డువాళ్లు చెప్పారు. ఇప్పుడు నా ల్యాబులో ఎవరేం చెప్పినా, అంటే ఏమిటని రెండోసారి అడుగుతాను. ఎంత ఓపికో మేడంకు అనుకుంటారు పిల్లలు. మల్లేశం అన్న క్షమించి పోయింది నా తెలియనితనాన్ని. నా అబద్ధాన్ని కాదు.