అతుకు పక్కన విరిగిన ఇనుము

2007 చలికాలం. అప్పుడు నేను ఢిల్లీలో మునిర్కా దగ్గర ఒక ఫాబ్రికేషన్ షాపులో వెల్డర్‌ని. మెకానికల్ డిప్లొమా చేసి వచ్చినవాణ్ణి. గేట్లు, కిటికీ గ్రిల్స్, నీళ్ల ట్యాంకుల స్టాండ్లు మా పని. ఉండేది కటవారియా సరాయ్‌లో, పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్ల మధ్య ఒక గదిలో.

ఆదివారాలు మాత్రం ఆర్.కె. పురం వైపు వెళ్లేవాణ్ణి. అక్కడ గాడియా లోహార్లనే సంచార కమ్మరులు రోడ్డు పక్కన కొలిమి పెట్టుకుని ఉండేవారు. వాళ్లలో హీరాలాల్ భయ్యా, ఆయన భార్య కమలా దీదీ నాకు కమ్మరం నేర్పుతున్నారు. వెల్డర్ నల్లద్దం వెనక నుంచి చుక్కంత వెలుగును మాత్రమే చూస్తాడు. కొలిమిలో ఇనుము ఒళ్లంతా మెల్లగా రంగు మారుతుంది. ముందు ఎండిన రక్తం రంగు, తర్వాత పండు మిరప, ఆ తర్వాత నారింజ. పొగమంచు ఉదయాల్లో దాన్నే చూస్తూ కూర్చుంటే పక్కన వెళ్లే బస్సుల హారన్లు ఎక్కడో వేరే ఊళ్లో మోగుతున్నట్టు ఉండేది.

ఎస్తేరక్క మా షాపుకి వచ్చింది ఆ రోజుల్లోనే. గుంటూరు ఆవిడ, ఒక ప్రభుత్వ కార్యాలయంలో క్లర్కు. వాళ్ల చర్చి కిటికీలకు నేను గ్రిల్స్ చేసినప్పటి నుంచి పరిచయం. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలికి కాలిపర్ వేసుకునేది. కాలికి రెండు పక్కలా నిలువుగా ఉండే రెండు ఇనుప పట్టీలు, తోలు బెల్టులు, మోకాలి దగ్గర ఒక లాక్. పట్టీల కింది కొసలు గుండ్రంగా ఉండి బూటు మడమలోని గొట్టంలో దూరతాయి. ఆ రోజు చంకకర్రల మీద వచ్చి, విరిగిన పట్టీని నా బల్ల మీద పెట్టింది.

"ఇదివరకు రెండుసార్లు వేరేచోట అతికించారు తమ్ముడూ. నువ్వు కాస్త లావుగా వెయ్యి. ఈసారి ఊడకూడదు."

"ఎలా విరిగిందక్కా?"

"మొదటిసారి ఆఫీసు గేటు దగ్గర, రెండోసారి బస్సెక్కుతుంటే. రెండుసార్లూ పడ్డాను. ఇంకోసారి పడితే ఉద్యోగం మాన్పించి గుంటూరు తీసుకుపోతానన్నాడు అన్నయ్య. ఈసారి వంటింట్లో విరిగింది కాబట్టి ఆయనకు తెలీదు. వచ్చే ఆదివారం తర్వాత చూడ్డానికి వస్తున్నాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? ఇంటర్ నుంచి నా అద్దె నేనే కట్టుకుంటున్నా. అది ఆయనకు గుర్తుండదు, నేను పడిన సంగతే గుర్తుంటుంది."

విరిగిన వస్తువు వస్తే ముందు వెల్డింగ్ హోల్డర్ పట్టుకోకూడదని మా ఇన్‌స్ట్రక్టర్ చెప్పేవారు. ముందు అది ఏ లోహమో తెలియాలి. ఒక మూలన పైపూత గీకేసి గ్రైండర్‌కి తాకించాను. దీన్ని స్పార్క్ టెస్ట్ అంటారు. మెత్తటి ఇనుమైతే నిప్పురవ్వలు పొడుగ్గా, తిన్నగా పోతాయి. ఇవి మాత్రం కొసల్లో చీలి పువ్వుల్లా విచ్చుకున్నాయి. అంటే కార్బన్ ఎక్కువున్న ఉక్కు. ఇక రెండో పని, ఎక్కడ విరిగిందో చూడటం. అతుకు చెక్కుచెదరలేదు. దానికి వెంట్రుక వాసి పక్కన తెగింది.

ఆ చోటుని హీట్ అఫెక్టెడ్ జోన్ అంటాం. కరగకుండానే బాగా వేడెక్కి, చుట్టూ ఉన్న చల్లటి లోహం వేడిని లాగేసుకోవడంతో ఒక్కసారిగా చల్లబడే సన్నటి పట్టీ అది. కార్బన్ ఉక్కులో ఆ చోటు గాజులా పెళుసవుతుంది. ముందుగా వేడి చేసి, వెల్డ్ చేశాక నిదానంగా చల్లారిస్తే చాలావరకు తప్పించుకోవచ్చు. కానీ ఇక్కడ ఇంకో చిక్కుంది. బల్లపరుపు పట్టీ గుండ్రటి కొసగా మారేచోటే విరిగింది, అక్కడ మెట్టులా కోసి ఉంది. అడుగు వేసినప్పుడల్లా ఆవిడ బరువంతా ఆ మెట్టు మూలలోనే పడుతోంది.

"నేను దీన్ని వెల్డ్ చెయ్యనక్కా."

"చెయ్యనని చెప్పడానికా ఇంతసేపు చూశావు?" అంది. కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది ఆ గొంతులో.

"అతికిస్తే మళ్లీ దాని పక్కనే పోతుంది. కొలిమిలో కాల్చి ఒకే ముక్కలో కొత్తది సాగదీయాలి. ఆదివారం నాతో ఒకచోటికి రండి."

మాయాపురి పాత ఇనుము మార్కెట్‌లో అదే మందంలో మీడియం కార్బన్ ఉక్కు పట్టీ కొన్నాను. ఆదివారం పొద్దున అక్కను ఆటోలో తీసుకెళ్లాను. కమలా దీదీ నులక మంచం కొలిమి పక్కకి లాగి, "బైఠో దీదీ, ఇక్కడ వెచ్చగా ఉంటుంది" అంది హిందీలో. నన్ను చూపించి, "ఈ ఇంజనీర్ సాబ్‌ని గరిటె చెయ్యమంటే బూట్లు తొడుక్కునే బద్ద చేస్తాడు. మీ కాలు ఈయన చేతికిచ్చారా?" అంది.

"వేరే దారి లేక" అంది ఎస్తేరక్క. ఇద్దరూ నవ్వుకున్నారు.

వీళ్లలో సమ్మెట కొట్టేది ఆడవాళ్లే. మగవాడు పట్టకారుతో ఇనుము పట్టుకుని, చిన్న సుత్తితో ఎక్కడ తడితే ఆమె అక్కడే కొడుతుంది. సుత్తిని దాగలి దిమ్మ మీద పక్కకు పడుకోబెడితే ఆగుతుంది. మాటలుండవు. ఏ ఆకారం రావాలో తెలిసినవాణ్ణి కాబట్టి ఆ రోజు పట్టకారూ చిన్న సుత్తీ నాకిచ్చారు. హీరాలాల్ భయ్యా బ్లోయర్ తిప్పుతూ నిప్పు చూసుకున్నాడు.

మొదటి ముక్క నారింజ దాటి పసుపైంది. కొసనుంచి తెల్లటి రవ్వలు చిటపటలాడుతూ మంచులోకి ఎగిరాయి.

"అబ్బ, ఎంత బాగుందో" అంది అక్క.

"జల్ గయా" అన్నాడు హీరాలాల్ భయ్యా. కాలిపోయింది. మాడిన ఉక్కు మళ్లీ పనికిరాదు. కొస కోసేసి మళ్లీ మొదలుపెట్టాం.

నా సుత్తి తట్టు, దీదీ దెబ్బ, నా తట్టు, దీదీ దెబ్బ. కాసేపటికి ఎవరి దెబ్బ ఎవరిదో తెలియలేదు. పట్టీ కొస మెట్టు లేకుండా, చేయి సన్నబడి వేలైనట్టు మెల్లగా గుండ్రమవుతూ పోయింది. చూస్తున్న అక్క ముఖం మీద కూడా ఆ నారింజ రంగే ఉంది. రెండో పట్టీ కూడా అలాగే సాగదీశాం. రెండు వైపులా ఒకేలా లేకపోతే నడక పక్కకు లాగుతుంది.

చివర్లో హీరాలాల్ భయ్యా పట్టీలను నీళ్ల డబ్బా వైపు తీసుకెళ్లాడు. ఉలికైనా కత్తికైనా గట్టిపడాలని ఆయన నీళ్లు తాగిస్తాడు.

"వద్దు భయ్యా. ఇది కోసేది కాదు, రోజంతా బరువు మోసేది. గట్టిపడితే మళ్లీ విరుగుతుంది."

ఆయన పట్టకారు వెనక్కి తీసుకున్నాడు. "అచ్ఛా. అయితే బూడిదలో పడుకోబెట్టు."

ఇంకోసారి ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి, టీ తాగుతూ కూర్చున్నాం. బూడిద కింద ఉక్కు చల్లారుతుంటే మా అందరికీ కాస్త నిద్ర వచ్చినట్టయింది. సాయంత్రానికి కొసలు నునుపు చేశాను. మర్నాడు అక్క వాటిని కాలిపర్లు అమర్చే టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన కొలతలు సరిచూసి పాత లాక్‌కి బిగించి, నడిపించి పంపాడు.

వాళ్ల అన్నయ్య రైలు దిగిన రోజు నిజాముద్దీన్ స్టేషన్‌కి ఆవిడ బస్సులో ఒక్కతే వెళ్లింది. సాయంత్రం షాపుకి ఫోన్ చేసింది.

"ఏమన్నారక్కా?" అన్నాను.

"ముందు నా బూట్లు చూశాడు. తర్వాత స్టేషన్ వంతెన మెట్లు దిగుతూ నా భుజం పట్టుకున్నాడు. ఆయనకు మోకాళ్ల నొప్పులట, నాకెప్పుడూ చెప్పలేదు. గుంటూరు మాట ఎత్తలేదు తమ్ముడూ."

వెల్డింగ్ నేర్చుకునేవాళ్లు నన్ను ఏ రాడ్ వాడాలి, ఎంత కరెంటు పెట్టాలి అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను. దానికంటే ముందు, విరిగిన ముక్కని ఎండలోకి తీసుకెళ్లి తిప్పి చూడమంటాను. బరువు ఏ దారిలో వస్తోందో, ఎక్కడ ఆగిపోతోందో చూడమంటాను. ఆ బరువు మోసే మనిషిని కూడా అక్కడే కూర్చోబెట్టి అడగమంటాను. అతకడం నా వృత్తి. అతకకూడనిది ఏదో గుర్తుపట్టడం కూడా అందులో భాగమేనని ఎస్తేరక్క కాలిపర్ దగ్గరే తెలుసుకున్నాను.