ఒకే ముద్దగా దాచిన కొవ్వు

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవి అది. అప్పుడు నేను బుక్కరాయసముద్రంలో ఒక చిన్న జీవన ఎరువుల ల్యాబులో మైక్రోబయాలజిస్టును. వేరుశనగ వేర్లకు బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం అనే బ్యాక్టీరియాను పెంచి, బొగ్గుపొడిలో కలిపి ప్యాకెట్లు కట్టడం మా పని. రైతులు దాన్ని ‘కల్చర్’ అంటారు. పెంచడం పెద్ద కష్టం కాదు. మా ఎండలకు అది ప్యాకెట్లో బతికుండటమే కష్టం. మార్చి వచ్చిందంటే నా గుండెల్లో రాయి పడేది.

కరువును తట్టుకునే ఉపాయం ఈ బ్యాక్టీరియాకూ ఉంది. తిండి దొరికినప్పుడు కార్బన్‌ను పీహెచ్‌బీ అనే కొవ్వులాంటి పదార్థంగా మార్చి ఒంట్లో గుళికలుగా దాచుకుంటుంది. తిండి లేనప్పుడు దాన్నే కరిగించుకుని బతుకుతుంది. సుడాన్ బ్లాక్ అనే రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఆ గుళికలు నల్లగా కనిపిస్తాయి. ఆ ఏడాది మాకొక కొత్త రకం దొరికింది. ఒక్కో కణంలో ఇంత లావు నల్లముద్ద!

ల్యాబు నడిపే రెడ్డి సార్ మైక్రోస్కోపు వదల్లేదు. “అబ్బ, ఏం బలిసిండాది షాహీనా! ఇది ఎండకు చస్తాదా?” అన్నారు. కరువు చూసిన మనుషులం కదా, గాదె నిండుగా కనిపిస్తే మాకు ఇంకో ప్రశ్న పుట్టదు. నాకు మాత్రం మనసు పీకుతూనే ఉంది. ఏదైనా మరీ బాగుంటే భయపడే రకం నేను.

సార్ ఆగలేక, అది వేసవికి తట్టుకుంటుందో లేదో తేలకముందే ఆ రకంతో కట్టిన ప్యాకెట్లు ముదిగుబ్బ దగ్గరి ఓబులమ్మ అనే రైతుకు ఇచ్చేశారు. ఆమె గొర్రెల మందను అమ్మేసి, గుట్టవారగా ఉన్న బీడును జేసీబీతో చదును చేయించి కొత్తగా సేద్యానికి దిగింది. ఆ నేలలో ఎన్నడూ వేరుశనగ వేయలేదు, అందులో రైజోబియం లేదు. మా ప్యాకెట్లో ఉన్నదే ఆ పంటకు దిక్కు. పంట పోతే మళ్లీ మంద కొనే దారి ఆమెకు లేదు.

ల్యాబులో ఉంచుకున్న ప్యాకెట్లను నేను పరీక్షిస్తూనే ఉన్నాను. మే నెలంతా బాగానే ఉంది. జూన్‌లో బతికున్న కణాలు ఉన్నట్టుండి సగానికి పడిపోయాయి. ల్యాబు నీడలోనే ఇలా ఉంటే, ఓబులమ్మ దగ్గర వేడిలో ఉన్నవి ఇంకెంత పోయి ఉంటాయో అనుకున్నాను. తాజాగా పెంచిన కల్చర్‌కు రంగు వేసి, ఈసారి రెండుగా చీలుతున్న కణాలనే వెతికి చూశాను. నల్లముద్ద మొత్తం ఒక పక్కనే ఉంది. రెండో పక్క ఖాళీ. నెలల తరబడి వేడిలో తిండి లేకుండా ఉండేసరికి ఆ ఖాళీ కణాలే చచ్చిపోయి ఉండాలి.

ప్రొటీన్లను గీతలు గీతలుగా విడదీసి చూపే జెల్ పరీక్ష చేశాను. పాత రకంలో ఫేసిన్ అనే ప్రొటీన్ గీత దట్టంగా ఉంది. కొత్తదానిలో లేనే లేదు. గుళికల మీద పొరలా అంటుకుని, అవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఆపేది ఫేసినే. అది ఉంటే చిన్నచిన్న గుళికలు చాలా తయారవుతాయి, కణం చీలినప్పుడు ఇద్దరు బిడ్డలకూ అందుతాయి. మేం చూసి మురిసిపోయిన లావు అసలు బలం కాదు, జబ్బు.

ఆ పొద్దునే ముదిగుబ్బ పక్క మంచి వాన పడిందని తెలిసింది. ఇక విత్తడం ఆగదు. ఓబులమ్మకు ఫోన్ చేస్తే స్విచాఫ్. ఫ్రిజ్‌లో మిగిలిన పాత రకం ప్యాకెట్లను ఐస్ డబ్బాలో పెట్టుకుని సార్ కారులో బయల్దేరాం. “ఇంకా విత్తనాలకు కలిపి ఉండదులే” అని ఆయన. “కలిపేసి ఉంటుంది సార్” అని నేను. దారి పొడవునా ఇదే మాట.

మేం చేరేసరికి ఓబులమ్మ సగం విత్తనాలకు కలిపేసింది. బెల్లం పాకంతో కల్చర్ పట్టించిన గింజలు రేకుల షెడ్డు నీడలో ఆరుతున్నాయి. మిగతా సగం ఇంకా సంచుల్లోనే ఉంది.

“ఆపు అక్కా, ఆ ప్యాకెట్లు పనికిరావు” అన్నాను.

ఓబులమ్మ సార్ వైపు తిరిగింది. “ఏం సార్, మొన్న బంగారమంటిరి. ఈపొద్దు మన్నంటారా?”

“తప్పయిపోయిందమ్మా” అన్నారు సార్.

“కడిగి మల్లా కలుపుదామా?” అని నన్నడిగింది.

వేరుశనగ గింజను రెండోసారి తడిపితే పొట్టు ఊడి మొలక చెడుతుంది. “వద్దక్కా, ఇత్తనం కూడా పోతాది.”

“మరి వీటినేం జేయాల? నేల ఆరిపోతాంది. ఇప్పుడు వేరే ఇత్తనాలు యాడ తెచ్చేది?”

తెచ్చిన ప్యాకెట్లు కూడా ఆ మిగిలిన సగానికే సరిపోతాయి. ఏడుపొచ్చింది, ఆమె ముందు ఏడవడానికి సిగ్గేసింది.

ఆమే లేచి కొంగు బిగించింది. “సరే, ఇవీ ఇత్తుతా. ఏమైతే అది కానీ. నువ్వేం జూస్తాండావు, రా, వాటికి కలుపు.” ఇద్దరం కూర్చుని కలిపాం.

నెలన్నర తర్వాత వెళ్లాను. చేను మధ్యలో తాడు పట్టి గీసినట్టు ఒక పక్క ముదురు పచ్చ, ఒక పక్క పసుపు. పసుపు పక్క మొక్క పీకితే బుడిపెలు అక్కడొకటి, ఇక్కడొకటి.

“ఆ పచ్చది నీది, ఈ పసుపుది మీ సారుది” అని నవ్వింది ఓబులమ్మ. తర్వాత నవ్వు ఆపింది. “ఈసారి కొత్తది కనిపెడితే మీ ల్యాబు ముందర జాగా ఉండాది గదా, ఆడ ఇత్తుకోండి. ఒగ ఎండాకాలం దాటినాక నా కాడికి రాండి.”

ఇప్పుడు మేం అలాగే చేస్తున్నాం. ఏ కణం ఎంత దాచుకుందని చూడను, చీలేటప్పుడు రెండు పక్కలా నలుపు ఉందా అని చూస్తాను. ఫేసిన్ గీత కనబడ్డాక కూడా ప్యాకెట్ ఒక వేసవి మా దగ్గర గడపాల్సిందే. ఓబులమ్మ ఆ ఏడాది మందను కొనలేకపోయింది. పాఠం నేర్చుకున్నది మేము, దానికి సగం పంట పోగొట్టుకున్నది ఆమె.