వాసన చూసి కొలిచిన మందు

నా భార్య సుజాత ఆరు సంవత్సరాల రెండు నెలల పాటు తనకు లేని జబ్బుకు భయపడుతూ బతికింది. ఆ భయాన్ని ఆమెకు పెట్టింది నేను. నిన్నమొన్నటి దాకా ఆ సంగతి తెలిసినవాణ్ణి కూడా నేనొక్కణ్ణే. మొన్న గురువారం దాకా దీన్ని ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పడం కొంత సులువు. అలా సులువు వెతుక్కోవడం కూడా పిరికితనమే అనుకుంటాను.

ముందుగా నా పని చెప్పాలి. న్యూజిలాండ్‌లోని టౌరంగాలో, కివీ పండ్లను ఏరి పెట్టెలకెత్తే ప్యాక్‌హౌస్‌లో నాణ్యత పరీక్షించే ఉద్యోగం నాది. కోతకు ముందు తోట నుంచి వచ్చిన పండును పలుచగా కోసి, ఆరబెట్టి, తూచి, అందులో నీరు పోగా ఎంత మిగిలిందో రాస్తాను. పైకి ఎంత బాగా కనిపించినా, తూచనిదే సంతకం పెట్టను. "చూస్తే తెలియడం లేదా?" అని తోటల యజమానులు విసుక్కుంటారు. చూస్తే తెలియదని పద్నాలుగేళ్లుగా వాళ్లకు చెబుతున్నాను.

అదే మనిషి ఒక శనివారం తన భార్యకు వాసన చూసి మందు కొలిచాడు.

సుజాతకు సర్పి వచ్చి తగ్గింది కాని, నడుము చుట్టూ మంట మిగిలిపోయింది. చొక్కా తగిలినా ఓర్చుకోలేకపోయేది. డాక్టరు ఇచ్చిన మాత్రలకు మత్తు వచ్చేది, నొప్పి పోయేది కాదు. వృద్ధుల సంరక్షణ గృహంలో ఆమెకు ఉద్యోగం. తెల్లవారుతూనే కారు తీసుకుని వెళ్లి, పళ్లు బిగించి పనిచేసి వచ్చేది. గంజాయితో ఇలాంటి నొప్పి తగ్గుతుందని ప్యాక్‌హౌస్‌లో విన్నాను. అప్పటికింకా డాక్టరు చీటీ మీద అది తేలికగా దొరికే రోజులు కావు. ఇంటికి వచ్చి అడిగాను. ఆమె ఒక్క మాటలో తేల్చేసింది.

"వద్దండీ. మన రెసిడెన్సీ కాగితాలు ఇంకా ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో ఉన్నాయి. నొప్పి నాది, నేను పడతాను."

వద్దంది. ఇది స్పష్టంగా రాయాలి. ఆమె వద్దన్నది.

అయినా కొన్నాను. మాతో పనిచేసే ఒకాయన మధ్యాహ్నం భోజనాల వేళ కారు పార్కింగ్‌లో చిన్న గాజు సీసా మూత తీసి చూపించాడు. మా నాన్నగారు ఒంగోలు దగ్గర పొగాకు గ్రేడింగ్ చేసేవారు. ఆకు రంగు, వేళ్ల మధ్య దాని మెత్తదనం, వాసన, ఈ మూడింటితో ఆయన తేల్చిన గ్రేడును వేలంలో ఎవరూ కాదనేవారు కాదు. నేనూ అలాగే చేశాను. సీసాలోని గంజాయి మొగ్గను వెలుతురులో తిప్పి చూశాను. బూజు లేదు. నలిపితే మరీ పొడి కాలేదు, తేమా లేదు. రంగు కాస్త వెలిసింది, వాసన ఘాటుగా లేదు. పొగాకులో ఘాటు లేని ఆకు తేలిక రకం. కనుక ఇదీ తేలిక రకమే అని గ్రేడు వేశాను. "ఇది గట్టి సరుకు మేట్, జాగ్రత్త," అన్నాడాయన. తన ఆకును తక్కువ చేసి చెప్పిన రైతును నేను వేలంలో ఎన్నడూ చూడలేదు. అదీ అలాంటి మాటే అనుకుని నవ్వాను.

బూజు ఉందా లేదా అన్నది కన్ను చెప్పగలదు. ఎంత బలమైనదో కన్నూ చెప్పదు, ముక్కూ చెప్పదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలియాలి? మరి ఎందుకు మరిచాను? మరవలేదేమో. నాన్నగారి విద్య నా వేళ్లలో ఉందని ఒక్కసారి నమ్మాలనిపించిందేమో.

రవ్వలడ్డులో కలిపి పెట్టాను. ఒకటి తింది. గంట గడిచినా ఏమీ కాలేదు. నా అంచనా సరిపోయిందని సంతోషించి మరొకటి పెట్టాను. "ఇవాళేంటండీ, లడ్డూలు మీరే వడ్డిస్తున్నారు? ఏం తప్పు చేశారు?" అని నవ్వుతూ తింది. తిన్న గంజాయి ఆలస్యంగా ఎక్కుతుందని నాకు అప్పుడు తెలియదు.

కాసేపటికి రెండూ కలిసి ఎక్కాయి. మాట ముద్దయింది. "నా చెయ్యి నాది కాదండీ," అంది. గుండె చొక్కాలోంచి కనిపించేలా కొట్టుకుంది. అంబులెన్స్ వచ్చింది.

ఆసుపత్రిలో ఒక యువ డాక్టరు నన్ను పక్కకు పిలిచింది.

"ఆమె ఏమైనా తీసుకున్నారా? మాత్రలు, మూలికలు, గంజాయి, ఏదైనా సరే. నేను పోలీసును కాను. ఏం వైద్యం చేయాలో తెలియడానికి అడుగుతున్నాను."

"ఏమీ తీసుకోలేదు."

"ఖచ్చితంగా?"

"ఖచ్చితంగా."

నేను కాగితాల గురించి ఆలోచించాను. లోపల పడుకున్న మనిషి గురించి ఆ తరువాత ఆలోచించాను. ఆ వరుస నేను మార్చలేను. ఆ డాక్టరు నా అబద్ధాన్ని నమ్మి, లేని జబ్బు కోసం రెండు రోజులు ఎంతో శ్రద్ధగా వెతికింది. స్కానులు, రక్త పరీక్షలు, మళ్లీ స్కాను. తొందరపడి ప్రమాదకరమైన మందేదీ ఎక్కించలేదు. ఆమె ఓర్పు వల్ల నా భార్య నాకు మిగిలింది. ప్రతి సంవత్సరం అదే రోజున మనసులో ఆమెకు దండం పెట్టుకుంటాను. పేరు కూడా అడగలేదు.

చిన్న పక్షవాతం వచ్చిపోయి ఉండవచ్చని రాశారు. నెల రోజులు కారు నడపవద్దన్నారు. సుజాత ఆ తరువాత ఎన్నడూ నడపలేదు. "దారిలో వస్తే? ఎదురుగా పిల్లలుంటే?" అంది. ఉద్యోగం మానేసింది. ఉన్నట్టుండి పోతే నేను పస్తులుంటానని నాకు వంట నేర్పడం మొదలుపెట్టింది. ఈ ఆరేళ్లలో పదకొండు కూరలు, మూడు పచ్చళ్లు నేర్పింది. "ఉప్పు కూడా తూకం వేస్తారేంటండీ, చేత్తో వెయ్యండి!" అని నెత్తిన మొట్టేది. నా అబద్ధం నుంచి పుట్టిన ఆ ప్రేమను నేను రోజూ తిన్నాను. కృతజ్ఞతతోనే తిన్నాను. దొంగసొత్తు మీద కృతజ్ఞత ఉండవచ్చా? ఉంది. ఏం చేయను?

ఇప్పటికీ తగ్గని ఆ నడుము మంటకు ఈ ఏడు మా డాక్టరు చీటీ మీదే గంజాయి నూనె రాసింది. ఏ మందు ఎంత ఉందో సీసా మీద ముద్రించి ఉంది. మందుల షాపులో ఆ అమ్మాయి, "రంగూ వాసనా పట్టించుకోకండి ఆంటీ, ఈ అంకె ఒక్కటే చూడండి. తక్కువతో మొదలుపెట్టండి, మెల్లగా పెంచండి," అని రెండుసార్లు చెప్పింది. ఆ రెండు వాక్యాలు నాకు ఆరేళ్ల కిందట కావలసినవి. మూడో వారానికి సుజాత చొక్కా తగిలినా ఉలిక్కిపడకుండా కూర్చోగలిగింది. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

డాక్టరు చెప్పినట్టు మోతాదు కాస్త పెంచిన రోజు, టీ తాగుతూ తన అరచేతిని తిప్పి చూసుకుంది.

"ఇది నాకు తెలుసండీ. ఆ రోజు ఇలాగే మొదలైంది."

రెండు రోజులు వాయిదా వేశాను. మూడో రోజు, గురువారం ఉదయం, టిఫిన్ ముందే చెప్పాను. సీసా, లడ్డు, రెండో లడ్డు, డాక్టరు, నా జవాబు. వరుస తప్పకుండా చెప్పాను. సుజాత తన పళ్లెం పక్కకు జరిపింది.

"ఎంత పెట్టారు?"

"తెలియదు."

"మీకా? తెలియదా?"

"ఎంత కలిపానో తెలుసు. అందులో ఎంత బలం ఉందో తెలియదు."

సుజాత లేచి, ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి మా డాక్టరు క్లినిక్‌కు తానే చేసింది. పాత రిపోర్టు మళ్లీ చూడాలని అడిగింది. ఆ రోజు గంజాయి తీసుకున్నారా అని నర్సు అడిగింది.

"నేను తీసుకోలేదు. మా ఆయన నాకు చెప్పకుండా పెట్టారు. డాక్టరుకు కూడా చెప్పలేదు."

పక్కనే నిలబడి విన్నాను. అందులో దిద్దవలసినది ఒక్కటీ లేదు. సోమవారం పదిన్నరకు అపాయింట్‌మెంట్ ఇచ్చారు. సుజాత నన్ను రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. ఫోన్ పెట్టేసి తన పళ్లెం తాను తీసుకుని వెళ్లింది. క్షమించిందో లేదో నాకు తెలియదు, అడగను. మా ఇంట్లో నాకు తెలిసినంతా ఇప్పుడు ఆమెకూ తెలుసు. నర్సుతో అన్న ఆ నిజాన్ని ఆమె గొంతులో విన్నందుకు ఆమెకు ఎంతో రుణపడి ఉన్నాను.