అక్క రాసిన పుట్టిన తేదీ

నేను తొమ్మిదో తరగతిలో పరుగు మొదలుపెట్టాను. మా నాన్న కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీ. లారీలు దించడానికి తెల్లవారకముందే పోయేవాడు. ఆయన సైకిలు వెనక కూర్చొని వెళ్లి, దారిలో ఉన్న మట్టి గ్రౌండ్ దగ్గర నేను దిగిపోయేదాన్ని.

అక్కను చూసింది అక్కడే. సొంత అక్క కాదు, కానీ గ్రౌండ్‌లో అందరికీ అక్కే. ఎనిమిది వందల మీటర్ల పరుగులో, పద్దెనిమిదేళ్లలోపు అమ్మాయిల్లో రాష్ట్రం మొత్తానికి ఫస్టు. వాళ్లది నల్లగొండ దిక్కు పల్లె. వాళ్లమ్మ మలక్‌పేటలో ఒక దవాఖానలో ఆయా. ఎల్బీ నగర్‌లో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లు. ఆదివారం చర్చికి పోవాలని ఆ ఒక్కరోజు అక్క అందరికంటే గంట ముందే వచ్చి ప్రాక్టీసు ముగించేది. పోతూ పోతూ తన స్పైక్స్, అదే మేకుల బూట్లు, నాకు విప్పి ఇచ్చేది. అవి నాకు పెద్దవి. వేళ్ల దగ్గర గుడ్డ కుక్కి, లేసులు తనే బిగించేది.

"పక్క పోరిని చూసుకుంట ఉరకకు. ముందటి మలుపు చూడు, సరేనా?" అనేది.

మా కోచ్ సార్ గుంటూరు వైపు నుంచి వచ్చి చైతన్యపురిలో స్థిరపడ్డ మనిషి. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. మాలో ఎవరైనా పొద్దున ఏమీ తినకుండా వస్తే ముఖం చూసి కనిపెట్టేవాడు. సంచిలోంచి అరటిపండు తీసి చేతిలో పెట్టి, తినేదాకా పక్కనే నిలబడేవాడు. అలాంటి మనిషే ఒకరోజు మా నాన్నను పిలిపించాడు.

"పిల్లకి పదహారు దాటాయండీ. పై వయసు వాళ్లతో పరిగెడితే వెనకబడిపోద్ది. వయసు రెండేళ్లు తగ్గించి కాగితం చేయిద్దాం. అందరూ చేయిస్తున్నారు, మనమొక్కళ్లమే మానేస్తే పిల్ల నష్టపోద్ది."

"మీరెట్లంటే అట్లనే సార్. నాకేం ఎరుక" అన్నాడు నాన్న.

అలా నేను రెండేళ్లు చిన్నదాన్నయిపోయాను. మా తమ్ముడు నాకంటే ఏడాదే చిన్న. "ఇగ వీడు నీకు అన్న. అన్నా అని పిలువు" అని అమ్మ రెండు రోజులు నవ్వింది. నేనూ నవ్వాను. పదహారేళ్లలోపు వాళ్లతో జిల్లా పోటీల్లో పరిగెత్తి మొదటి మెడల్ తెచ్చుకున్నప్పుడు సంతోషమే తప్ప మరేమీ అనిపించలేదు.

ఆ మరుసటి ఏడాది దేశస్థాయి పోటీలకు సెలెక్షన్లు జరిగాయి. అక్కకు అప్పటికి పద్దెనిమిది నిండి నాలుగు నెలలు. సార్ ఆమెకూ కాగితం సిద్ధం చేయించాడు. ఫారంలో దాని ప్రకారం తేదీ వేసి సంతకం పెట్టడమే మిగిలింది. స్టేడియంలో వరండా కింద టేబుల్ వేసి ఒక పెద్దాయన ఫారాలు తీసుకుంటున్నాడు. లైన్లో అక్క వెనక నేను. అక్క పెన్ను తీసి తన అసలు పుట్టిన తేదీ రాసింది. సార్ భుజం మీదుగా చూశాడు.

"ఏంటమ్మా ఇది? కాగితంలో ఉన్నది రాయి."

"ఇదే నిజం సార్."

"నాలుగంటే నాలుగు నెలలు! ఎవరికి నష్టం?"

"నాలుగు నెలలైనా నేను బతికిన నెలలే గద సార్. లేవని ఎట్ల రాయాలె?"

టేబుల్ దగ్గరి పెద్దాయన కళ్లజోడు పైకి జరిపి అక్కను చూశాడు. "బిడ్డా, ఇది ఇట్లనే ఇస్తే నీ పేరు కొట్టెయ్యాలె. ఇంకో ఫారం ఇస్త. దిద్దుకుంటవా?"

"వద్దు సార్. కొట్టెయ్యండి."

ఆయన ఎర్రపెన్నుతో అడ్డంగా గీత గీశాడు. అక్క పెన్నుకు మూత పెట్టి పక్కకు జరిగింది. తర్వాత నా వంతు వచ్చింది. నేను నా దొంగ తేదీనే రాశాను.

అక్క ఇంటికి పోలేదు. గ్యాలరీలో కూర్చొని నా నీళ్ల సీసా పట్టుకుంది. నేను పరిగెత్తి ఫస్టు వచ్చాను. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆమే. ఆ చప్పట్లు వింటూ తల ఎత్తలేకపోయాను.

తర్వాత గ్రౌండ్‌లో గొడవ మొదలైంది. అక్క అందరి మీదా ఫిర్యాదు చేస్తుందేమోనని మిగతా పిల్లల తల్లిదండ్రులు భయపడ్డారు. "నువ్వొక్కదానివే సత్యవంతురాలివా? మా పిల్లల నోట్ల మన్ను గొడ్తవా?" అని ఒకామె ముఖం మీదే అడిగింది. అక్క వంగి బూట్ల లేసులు బిగించుకుంది. సార్ తల వంచుకొని, "కొన్నాళ్లు ఇటు రాకమ్మా" అన్నాడు.

అప్పట్లో మెట్రో పిల్లర్ల కోసం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా రోడ్డంతా తవ్విపోశారు. అక్క ఆ దుమ్ము దాటి అబ్దుల్లాపూర్‌మెట్ వైపు హైవే పక్క రోడ్డు మీద ఒంటరిగా పరిగెత్తేది. నెల రోజులు ఆగి, ఆగలేక, ఒక ఆదివారం నేనూ వెళ్లాను. పరుగయ్యాక ఇద్దరం ఒక టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాం.

"అక్కా, నన్ను తిడుతలేవేంది?"

"నిన్నెందుకు తిట్టాలె?"

"నాది దొంగ కాగితం గదా."

"నీ కాగితం సంగతి నువ్వు జూస్కో. నాకైతే మనసొప్పలే. రోజు పొద్దుగాల ప్రార్థనల, అబద్ధమాడకుండ చూడు ప్రభువా అంట. మల్ల గా టేబుల్ కాడ వేరే తీరుగ ఎట్ల రాస్త?"

"బాధైతలేదా?"

"ఎందుకు గాదు? ఆ రోజు బస్సుల ఒకటే ఏడుపు. కండక్టరమ్మ పాస్ గూడ అడగలే పాపం." చెప్పి తనే నవ్వింది.

ఆ వారమే నాన్నతో చెప్పాను, దేశస్థాయి పోటీలకు పోనని, ఇకనుంచి అసలు తేదీతోనే పరిగెడతానని. "మరి గా మెడల్ ఏం జేస్తవ్?" అన్నాడు ఆయన. ఆ మాట నన్ను పట్టుకుంది. జిల్లా పోటీల్లో నా వెనక రెండోదిగా వచ్చిన అమ్మాయిది బాలాపూర్. ఆచూకీ కనుక్కొని వాళ్లింటికి పోయాను. ఆమె వాకిట్లో బట్టలు పిండుతోంది. మెడల్ చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను. వింటూ వింటూ ఫక్కున నవ్వింది.

"నాది గూడ గంతే! నాకప్పుడు పదిహేడు."

"మరి మూడోది?"

"ఏమో! దానికి పెండ్లి గూడ అయ్యిందో ఏమో!"

ఇద్దరం కడుపు పట్టుకొని నవ్వాం. వాళ్లమ్మ ఏం జరిగిందో తెలియకుండానే మాకు చాయ్ ఇచ్చింది. మెడల్ మళ్లీ నా సంచిలోనే ఇంటికొచ్చింది. ఇప్పటికీ అది ఎవరిదో మాకు తెలియదు.

అసలు వయసుతో పరిగెత్తిన మొదటి పోటీలో ఆరోదాన్నయ్యాను. ఆ తర్వాత కూడా పెద్దగా గెలిచింది లేదు. అయినా పరుగు మానలేదు.

అక్క వయసుతో పనిలేని పెద్దల విభాగానికి మారింది. మొదటి ఏడాది రాష్ట్రంలో నాలుగో స్థానం. సార్ వచ్చాడు గానీ దూరంగా స్తంభం చాటున నిలబడి చూసి వెళ్లిపోయాడు. రెండో ఏడాది కంచె దాకా వచ్చాడు. చేతిలో స్టాప్‌వాచ్. ఫైనల్లో అక్క మొదటి రౌండు ముగించి ఎదురుగా రాగానే, "మూడోదానివి! ఊపిరి దాచుకో, మలుపు దాటాక వదులు!" అని గొంతు చించుకొని అరిచాడు. అక్క సరిగ్గా అలాగే చేసింది. చివరి మలుపు దాటాక బయటి వరసలోకి జరిగి, ముందున్న ఇద్దరినీ దాటేసి గెలిచింది.

నేను కంచె దూకాను. సార్ దూకలేక గేటు చుట్టూ తిరిగి వచ్చాడు. అక్క మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని రొప్పుతోంది. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

"పైపోటీల ఫారం ఈసారి నేనే నింపుతానమ్మా. పుట్టిన తేదీ చెప్పు, సరిగ్గా రాసుకుంటాను."

అక్క చెప్పింది. ఆయన అరచేతిలో రాసుకున్నాడు.

దేశస్థాయిలో ఆమెకు మూడో స్థానం వచ్చింది, ఆ మీదట ఆటల కోటాలో కొలువు. నేను ఎల్బీ నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో వ్యాయామం టీచర్నయ్యాను. సాయంత్రాలు అక్క అదే గ్రౌండ్‌లో సార్‌కు తోడుగా పిల్లలకు నేర్పుతుంది. వయసు తగ్గించమని అడగడానికి ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. సార్ వాళ్లను కుర్చీ వేసి కూర్చోబెట్టి, అక్క కథ మొత్తం చెప్తాడు. అందులో తన తప్పు దాచుకోడు. కొందరు విని ఉండిపోతారు, కొందరు పిల్లల్ని వేరేచోటికి తీసుకుపోతారు.

చర్చి అయ్యాక ఆదివారాలు అక్కా నేనూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఇడ్లీ తింటాం. మా బడి నుంచి గ్రౌండ్‌కు పంపిన ఒక పిల్ల గురించి ఈమధ్య మాకు రోజూ వాదనే. దానికి నాలుగు వందల మీటర్లు సరిపోతుందని నేనంటాను. ఎనిమిది వందలే అంటుంది అక్క. ఎంత చెప్పినా వినదు.