మా వియ్యపురాలు నేర్పిన ఉగ్గు

మా వియ్యపురాలు పోయిందన్న కబురు మొన్న పొద్దున ఎల్లారెడ్డి బస్సు దిగిన మనిషి ఒకడు చెప్పిపోయాడు. నేను అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. యుద్ధం మొదలైనప్పటి నుంచి బియ్యంలో రాళ్ళు పెరిగాయి, దానికీ దీనికీ ఏం సంబంధమో నాకు తెలియదు. కబురు విన్నాక కూడా కాసేపు ఏరుతూనే ఉన్నాను. నాకు చెవుడనుకున్నాడేమో, ఆ మనిషి మళ్ళీ గట్టిగా చెప్పాడు. పది రోజులు మంచం పట్టిందట. చివరి రెండు రోజులూ చెంచాతో జావ పోశారట. పోస్తున్న చిన్న కోడలితో ఆమె ఆఖరున అన్న మాట "ఉండలు కట్టింది" అని. అది వినగానే నాకు నవ్వొచ్చింది. తరువాత చాట పక్కన పెట్టేశాను.

ఆమెను గురించి రాయడానికి నాకేమంత అర్హత లేదు. నేను కామారెడ్డి గంజ్‌లో ముప్పై ఏళ్ళు బెల్లం తూచినవాణ్ని. బడి గడప తొక్కలేదు. బెల్లం ముద్దలకు చుట్టి వచ్చే పాత కాగితాలు కూడబలుక్కుని చదివి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే నాకు తెలిసిన కథలన్నీ మంచి పట్టు మీద ఉండగా చిరిగిపోయి ఉంటాయి. ఈ కథ మాత్రం నా ఇంట్లో జరిగింది గనుక చివరిదాకా తెలుసు.

ఆమె నా కోడలి తల్లి. కోడలు ఎల్లారెడ్డిలో పుట్టింట పురుడు పోసుకుని, ఐదో నెల పిల్లతో కామారెడ్డి వచ్చింది. వచ్చిన నెలకే జ్వరం తగిలి పన్నెండు రోజుల్లో పోయింది. నా భార్య అంతకు ముందే పోయింది. నా కొడుకు రైలు పట్టాల గ్యాంగులో పనిచేసేవాడు. వారానికి ఒకసారి ఇంటికి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, మళ్ళీ పోయేవాడు. ఇంట్లో మిగిలింది నేనూ, ఆరు నెలల ఆడపిల్లా. పక్కింటి బాలింత రెండు పూటలు పాలిచ్చేది. ఆమెకూ పిల్లవాడున్నాడు, ఎంతకని ఇస్తుంది? మేకపాలు పడలేదు. పిల్ల మెడ నిలబడడం మానేసింది. ఏడుపు కూడా సన్నగా, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు ఉండేది.

కర్మలకు వచ్చిన మా వియ్యపురాలు, చుట్టాలంతా వెళ్ళిపోయినా వెళ్ళలేదు. బండి వెనక్కి పంపి, తైదలు, అంటే రాగులు, పెసర్లు, పాత బియ్యం తెప్పించింది. వాటితో పాటు తన ఇసుర్రాయి కూడా తెప్పించింది. మా ఇంట్లో ఇసుర్రాయి ఉంది, మంచి రాయి కూడాను. కాని కారం విసిరిన రాయిలో పసిపిల్ల పిండి విసరకూడదట. ఈ సంగతి నాకు ఎవరు చెప్పారంటారా? పిల్ల చెప్పింది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. మా వైపు వియ్యపురాలు వియ్యంకుడికి ఎదురుపడి మాట్లాడదు. ముసుగు కిందికి లాక్కుని తలుపు చాటున నిలబడుతుంది. ఈ కట్టుబాటు పెట్టినవాడు ఏదో పెళ్ళిలో మర్యాదల దగ్గర బాగా మాటలు పడ్డవాడై ఉంటాడని నా అనుమానం. మామూలుగా మధ్యలో ఎవరో ఒకరుంటారు, మాట అటు ఇటు అందించడానికి. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఆ పాలు తాగే పిల్ల ఒక్కతే. కాబట్టి ఆమె పిల్లను ఒళ్ళో పెట్టుకుని తలుపు వెనక నుంచి దానితోనే చెప్పేది, నేను వినేవాణ్ని. నేను కూడా నా జవాబు పిల్లకే చెప్పేవాణ్ని. నాలుగు నెలల పాటు మేము అలాగే మాట్లాడుకున్నాం. ఆ పిల్ల కంటే నమ్మకమైన మధ్యవర్తి నాకు గంజ్‌లో కూడా దొరకలేదు. ఒక్క మాట మార్చి చెప్పలేదు.

నేను నా మంచం అరుగు మీదికి మార్చుకున్నాను. తెల్లవారుతుండగా లోపల ఇసుర్రాయి తిరిగే చప్పుడుతో మెలకువ వచ్చేది. ఆమె తైదలు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకలు రానిచ్చి, నీడలో ఆరబెట్టి, సన్నని సెగ మీద వేయించి విసిరేది. పెసర్లూ బియ్యమూ విడిగా. నా పాత ధోవతి చెంగు చింపి అందులో జల్లించేది. ఎండ కిటికీ గుండా పడితే ఆ పిండి గాలిలో లేచి, ఇల్లంతా నిద్రలో ఉన్నట్టు తెల్లగా మసకబారేది. నేను అరుగు మీద కళ్ళు మూసుకుని ఆ వాసన పీల్చేవాణ్ని. వేయించిన పెసర్ల వాసనకు మనసులో ఏముందో కొంతసేపు మరిచిపోవచ్చు. ఒక్కోసారి రాయి మధ్యలో ఆగిపోయేది. ఒకరోజు అలా ఆగినప్పుడు ఆమె గొంతు వినిపించింది, పిల్ల ఆవలించినట్టుంది. "మీ అవ్వ గిట్లనే ఆవలించేది బిడ్డా, ఒక కన్ను మూసి," అన్నది. మా వైపు అవ్వంటే తల్లి. తరువాత రాయి మళ్ళీ తిరిగింది.

నెల తిరిగేసరికి పిల్ల మెడ నిలిచింది. రెండో నెలలో బుగ్గలు వచ్చాయి. అప్పుడు రెండు వైపుల చుట్టాలందరూ ఒక మాట మీదికి వచ్చారు, ఆమె పిల్లను తీసుకుని ఎల్లారెడ్డి పోవాలని. నా కొడుకూ అదే అన్నాడు. ఆడదిక్కు లేని ఇంట్లో ఆడపిల్ల ఎట్లా పెరుగుతుందని వాడి మాట. అందులో తప్పేం లేదు. నేను ఊ అన్నాను. ఆ ఊ అన్న గొంతు నాదేనా అని తరువాత చాలాసార్లు అనుకున్నాను. గంజ్‌లో తూకం వేస్తుంటే ముల్లు ఎటు మొగ్గిందో కనపడేది కాదు.

మర్నాడు పొద్దున ఆమె తలుపు వెనక పిల్లకు నూనె రాస్తోంది. నేను బయట నుంచి పిల్లతో అన్నాను. "బిడ్డా, నువ్వు పోతె ఈ ఇల్లు ఎట్ల ఉంటదో మీ అమ్మమ్మను ఒక్కసారి ఆలోచన చెయ్యమను." అంతే. అంతకంటే నాకు చేతకాలేదు.

ఆ రోజంతా లోపల ఇసుర్రాయి తిరుగుతూనే ఉంది. ఆ మరునాడు పొద్దున తలుపు సందులో నుంచి ఒక సత్తుగిన్నె జరిగి నా కాళ్ళ ముందుకు వచ్చింది. అందులో నాలుగు చెంచాల పిండి ఉంది.

"బిడ్డా, మా ఇంట్ల పొయ్యి చుట్టూ నలుగురు ఆడోళ్ళున్నరు. నువ్వు రాకున్నా ఆ పొయ్యి మండుతది. మీ తాత పొయ్యి ఆరితె ఎవ్వలు ముట్టిస్తరు? లేసి ముట్టియ్యమను."

యాభై ఎనిమిదేళ్ళ వయసులో నేను మొదటిసారి పొయ్యి ముందు కూర్చున్నాను. ఆమె తలుపు అవతల కూర్చుంది. పిండి ముందు చల్లనీళ్ళలో కలపాలని, వేడి నీళ్ళలో వేస్తే ఉండకడుతుందని, ఒకే వైపు తిప్పాలని, పొయ్యిలో రెండు పుల్లలకు మించి పెట్టవద్దని, అన్నీ పిల్ల ద్వారానే వచ్చాయి. ఆమెకు నా గిన్నె కనపడదు. చెంచా చప్పుడు విని చెప్పేది. "బిడ్డా, మీ తాత చెయ్యి ఆగింది, అడుగంటుతది సూడుమను." ఉగ్గు ఉడికిందో లేదో బుడగ పగిలే చప్పుడుతో తెలుసుకునేది. నేను బెల్లం వాసన చూసి ఏ ఊరిదో చెప్పగలనని గర్వపడేవాణ్ని. ఆమె ముందు ఆ గర్వం ఎక్కువ రోజులు నిలవలేదు.

గంజ్‌లో సంగతి తెలిసిపోయింది. హమాలీ ఒకడు బస్తా దించుతూ, "ఏందే తాతా, తూకం రాళ్ళు ఇడిసి ఉగ్గుగిన్నె పట్టినవంట? మాకు గూడ ఇంత పోస్తవా?" అన్నాడు. పళ్ళు ఊడినాక రమ్మన్నాను. నవ్వారు. నేనూ నవ్వాను. నాకు లోపల ఉన్న భయం వేరు. పిల్ల ఆమె చేత తిన్నట్టు నా చేత తినడం లేదు. రెండు చెంచాలు తిని మూతి తిప్పుకునేది.

అప్పుడు నేను చేసిన పని బెల్లం తూచేవాడే చేయగలడు. గంజ్ నుంచి వస్తూ మంచి పచ్చబెల్లం చిన్న ముక్క ధోవతి మడతలో తెచ్చి, ఆమెకు తెలియకుండా ఉగ్గులో కరిగించాను. పిల్ల గిన్నె నాకింది. మర్నాడూ అంతే. నేను పిల్లతో గొప్పగా, "చూసినవా, మీ తాత చేతి రుచి," అన్నాను. మూడోరోజు పొద్దున గిన్నె పెట్టిన చోటి నుంచి వాకిలి దాకా చీమలు బారు కట్టి ఉన్నాయి.

"బిడ్డా, మీ తాత ఉగ్గు చీమలకు గూడ మస్తు నచ్చింది," అన్నది ఆమె.

తరువాత ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆ తీపికి అలవాటుపడి, మామూలు ఉగ్గు నా చేత గాని, ఆమె చేత గాని ముట్టలేదు. రెండు రోజులు మూతి బిగించి కూర్చుంది. మళ్ళీ ఆ సన్నని ఏడుపు. ఆమె పిల్లను భుజాన వేసుకుని లోపల గదిలో అటూ ఇటూ నడుస్తుంటే ఆ అడుగుల చప్పుడు వింటూ అరుగు మీద కూర్చున్నాను. నేను తెచ్చిన ముక్క ఎంతుందని? గోరంత ఉంది.

రెండో రోజు సాయంత్రం ఆమె అన్నది, "పిల్ల నాలుకకు తొందర లేదు బిడ్డా, మీ తాతకే తొందర. చెంచా నోట్ల కుక్కద్దు. కింది పెదవికి ఆనిచ్చి ఊకుండాలె. ఆకలి తనంతట తానే వస్తది, తలుపు తీస్తది." నేను అలాగే ఆనించి కూర్చున్నాను. చెయ్యి నొప్పి పుట్టింది. చాలాసేపటికి నాలుక కొన బయటికి వచ్చి, చెంచాను తాకి, లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది. ఆ పూట మూడు చెంచాలు దిగాయి. తలుపు వెనక ఆమె ఊపిరి వదలడం నాకు వినిపించింది.

కాని అప్పటికే ఆమె కబురు పంపేసింది. ఆమె చిన్నకొడుకు బండి కట్టుకుని వచ్చాడు. ఆమె ఇంటి పనులు ఎన్నాళ్ళని ఆగుతాయి? వెళ్ళే ముందు ఒక ఒప్పందం పెట్టింది, అది కూడా పిల్లతోనే. తను బండెక్కి కూర్చున్నాక నేను అరుగు మీద పిల్లకు ఉగ్గు పెట్టాలి. తను లేకుండా నా చేత తింటే పిల్ల ఇక్కడ. తినకపోతే బండి ఆపించి తీసుకుపోతుంది. నేను ఒప్పుకున్నాను. కాదనడానికి నోరు ఎక్కడిది?

ఇంకొక మాట చెప్పి ముందుకు పోతాను. ఆ తరువాత పిల్లకు మూడేళ్ళు వచ్చేదాకా ప్రతి అమావాస్య వెళ్ళాక ఎల్లారెడ్డి నుంచి ఎవరో ఒకరి చేతిలో పిండి మూట వచ్చేది. పిల్ల పెరిగే కొద్దీ పిండి ముతక అవుతూ వచ్చింది. పళ్ళు వచ్చినప్పుడు రవ్వ, నడిచినప్పుడు జొన్నలు కలిపిన గటక నూక. మాతో ఉన్నదానిలాగే ఆ పళ్ళ లెక్క ఎట్లా తెలిసేదో ఆమెకు. పిల్ల ఇప్పుడు ఏడేళ్ళది. కబురు విని ఏడ్చి, అమ్మమ్మ ముఖం ఎట్లా ఉంటుందని నన్ను అడిగింది. పండుగలకు పోయినప్పుడు చూసినా దానికి గుర్తు నిలవలేదట, పిండి వాసన మాత్రమే గుర్తుందట. నేనూ ఆ ముఖాన్ని చూసింది ఒకేసారి. అందుకే ఇంత రాస్తున్నాను.

ఆ పొద్దున మంచు పట్టి ఉంది. బండిలో ఇసుర్రాయి ఎక్కించారు. ఆమె పిల్లను అరుగు మీద పెట్టింది. ముద్దు పెట్టుకోలేదు, పెట్టుకుంటే పిల్ల ఏడుస్తుందని. ముసుగు లాక్కుని బండి వెనక వైపు, మా ఇంటికి ఎదురుగా కాళ్ళు వేలాడేసి కూర్చుంది. "మెల్లగ పోనియ్," అని కొడుకుతో అన్నది. బండి కదిలింది.

నేను పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెంచా కింది పెదవికి ఆనించాను. పిల్ల పోతున్న బండినే చూస్తోంది. పెదవి వణికింది. తెరవలేదు. బండి దర్జీ కొట్టు దాటింది. చెంచా అక్కడే ఉంచాను. ఉగ్గు చల్లారుతోంది. బండి ఆగింది.

నా చేతిలో గిన్నె వంగిపోయింది. ఐపోయింది అనుకున్నాను. తల ఎత్తి చూస్తే మా వీధి చివర రైలు గేటు వేసి ఉంది, బండి అందుకే ఆగింది. మంచులో ఎక్కడో రైలు కూత వేసింది. ఆ కూతకు పిల్ల ఉలిక్కిపడి నోరు తెరిచింది, నాలుక మీద ఉగ్గు పడింది. ఉమ్మేస్తుందని చూశాను. పిల్ల కాసేపు ఆలోచించి మింగింది. రెండో చెంచాకు తనే నోరు తెరిచింది. మూడోదానికి నా చెయ్యి పట్టుకుని లాక్కుంది.

అప్పుడు గేటు వైపు చూశాను. ముసుగు వెనక్కి జారిపోయింది. ఆమె సర్దుకోలేదు, జారినట్టు తెలియలేదేమో. గుండ్రని, నల్లని, అలిసిన ముఖం. పసిపిల్లకు తినిపించేవాళ్ళకు తెలుసు, చెంచా ఎత్తితే మన నోరు కూడా తెరుచుకుంటుంది. అంత దూరాన కూర్చుని, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేను చెంచా ఎత్తినప్పుడల్లా ఆమె నోరు తెరుస్తోంది. పిల్ల మింగినప్పుడల్లా మూస్తోంది.

రైలు వెళ్ళిపోయింది. గేటు లేచింది. ఆమె కొడుకు వెనక్కి తిరిగి ఏదో అడిగాడు. ఆమె మా మీది నుంచి చూపు తిప్పకుండా చెయ్యి ముందుకు ఊపింది. బండి పట్టాలు దాటింది. గిన్నెలో ఇంకా సగం ఉంది. నేను పెడుతూనే ఉన్నాను, మంచులో బండి కరిగిపోయేదాకా ఆమె నోరు తెరుస్తూ, మూస్తూ, తెరుస్తూ ఉంది.