తన్నే ముందు మర్యాద

మా దీవిలోని సువా పట్నంలో, చర్చి హాల్లో అసెనాథా కరాటే నేర్పుతుంది. ఫీజు కట్టలేనివాళ్లు చాపలు పరిస్తే చాలు. పాత కరాటే బట్టలు తనే కుట్టి వాళ్లకు తొడిగిస్తుంది. ఆమెకు గిట్టనిది ఒక్కటే. ఒకరి తల మీదుగా చెయ్యి చాపితే మన్నించమని మేమనే "తులౌ"ను, శిష్యులు తలకేసి తన్నేముందూ అంటారు. "తన్నడానికి మర్యాదేంటర్రా?" అని కసురుతుంది.

మొన్న బుట్టలల్లే మెరియోని చేరింది. ఆమెకు చూపు లేదు. "ఈవిడెలా కాచుకుంటుంది?" అని గుసగుసలు. ఎదురుగా నిలబడ్డ లైసా అలవాటుగా "తులౌ, అక్కా" అని కాలెత్తింది. మెరియోని చటుక్కున ఆ కాలు పట్టేసింది.

"నన్ను తన్నాలంటే ఇంకాస్త మెల్లగా అడగాలే పిల్లా!"

హాలు గొల్లుమంది. అసెనాథా మాత్రం నవ్వలేదు. బెల్టు బిగించి, మెరియోని ఎదుట నిలబడి, కాలెత్తేముందు గట్టిగా అంది: "తులౌ."